రూపం, రూక్షం, ధర్మం: గోదావరి–ఇంద్రావతి తీరాల బౌద్ధశిల్పాన్ని చూసిన చూపులు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బీజాపూర్ జిల్లాలో, బీజాపూర్ నుంచి భోపాలపట్నం పోయే రహదారి మీద మద్దేడ్ అనే ఊరు ఉంది. నిజామాబాద్, జగిత్యాల, మంచిర్యాల, చెన్నూరు, సిరోంచల మీదుగా జగదల్పూర్ చేరే 63వ జాతీయ రహదారి ఈ ఊరి గుండానే సాగుతుంది. తెలుగు, గోండి, దోర్లీ, హల్బీ, హిందీ మాటలు ఒకదానితో ఒకటి కలిసి వినబడే సీమ ఇది. ఇక్కడికి నైరుతి దిక్కున, భద్రకాళి వద్ద, ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. నది దాటితే తెలంగాణ. బస్తర్‌ను ఏలిన నాగవంశీయుల కాలంలోనే ఈ అడవి సీమకు తెలుగు చేరిందని బార్సూర్‌లో దొరికిన గంగమహాదేవి తెలుగు శాసనం చెబుతున్నది.

మద్దేడ్‌లో నిలబడి బౌద్ధశిల్పం గురించి ఆలోచించేవారికి రెండు దిక్కులు కనిపిస్తాయి. పడమరగా, గోదావరి ఆవల, పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట స్తూపం. ఇంకా దక్షిణాన కృష్ణాతీరంలో అమరావతి మహాచైత్యం. ఉత్తరంగా, బస్తర్ అడవుల లోపల, కొండగావ్ జిల్లాలోని భోంగాపాల్. మొదటి దిక్కున నునుపైన పలనాటి సున్నపురాయి, దాతల బ్రాహ్మీ శాసనాలు, లండన్, చెన్నై ప్రదర్శనశాలలు, నూటయాభై ఏళ్ళ విమర్శసాహిత్యం. రెండవ దిక్కున ఇటుకల దిబ్బ, ఎండవానలకు అరిగిన రాతి బుద్ధుడు, ఆ బుద్ధునికి చుట్టుపక్కల ప్రజలు పెట్టుకున్న పేరు: డోకరా బాబా, అనగా ముసలి తాత.

ఈ రెండింటినీ ఒకే తూనికరాయితో తూచవచ్చునా? తూచినప్పుడు ఏది బరువు, ఏది తేలిక అని ఎవరు నిర్ణయించారు? ఈ ప్రశ్న కేవలం రసజ్ఞులది కాదు. ఏ శిల్పానికి పైకప్పు కట్టాలి, దేనిని తరలించాలి, దేనిని ఉన్నచోటనే విడిచిపెట్టాలి అనే నిర్ణయాల వెనుక ఏదో ఒక సౌందర్యదృష్టి పనిచేస్తూనే ఉంటుంది. ఆ దృష్టి ఏదో తెలియకుండా తీసుకున్న నిర్ణయం వల్ల శిల్పానికీ, దానిని కొలిచే ఊరికీ కూడా నష్టం కలుగవచ్చు.

నాలుగు ప్రమాణాలు

శిల్పాన్ని చూసే తీరులు పలువిధాలని చెప్పడానికి ఆధునిక సిద్ధాంతాల దాకా పోనక్కరలేదు. అంగుత్తర నికాయంలోని చతుక్క నిపాతంలో నలుగురు మనుషుల ప్రస్తావన ఉంది. ఒకరు రూపాన్ని ప్రమాణంగా గ్రహించి రూపం వల్ల ప్రసన్నులౌతారు. ఒకరికి ఘోషం ప్రమాణం; అంటే వినికిడి, కంఠస్వరం, పదిమంది చెప్పుకునే కీర్తి. ఒకరికి లూఖం ప్రమాణం. సంస్కృతంలో రూక్షం, అంటే ముతకదనం, నిరాడంబరత, అరిగిన చీవరమూ మట్టిపాత్రా చూచి కలిగే నమ్మకం. ఒకరికి ధర్మం ప్రమాణం. సూత్రాన్ని అనుసరించే గాథలు రూపానికీ ఘోషానికీ లోబడినవారు లోపలి సంగతి ఎరుగరని హెచ్చరిస్తాయి. లోపలినీ వెలుపలినీ అడ్డులేకుండా చూడగలిగినవారే ఘోషానికి కొట్టుకుపోరని ముగిస్తాయి.

ఈ నాలుగు మాటలు మనుషులను గురించి చెప్పినవి. బుద్ధుని, భిక్షువులను జనం ఎలా అంచనా కడతారో చెప్పినవి. అయినా బుద్ధప్రతిమను, బౌద్ధశిల్పాన్ని చూసే తీరులకు కూడా ఇవి చక్కగా సరిపోతాయి. గడచిన రెండు శతాబ్దాలలో అమరావతి మీద, బస్తర్ మీద పడిన చూపులను ఈ నాలుగింటి వెలుగులో వరుసగా పరిశీలిస్తే ప్రతి చూపు దేనిని పట్టుకున్నదో, దేనిని జారవిడిచిందో స్పష్టమౌతుంది.

రూపప్రమాణం: కొలబద్దలు మారిన కథ

అమరావతి దిబ్బను ఊరివారు దీపాలదిన్నె అని పిలిచేవారు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని తన పట్టణంగా కట్టించుకుంటున్నప్పుడు ఆ దిబ్బలోని ఇటుకలూ రాళ్ళూ కట్టడాలకు మంచి సరకుగా కనిపించాయి. కాలిన్ మెకంజీ తొలిసారి అక్కడికి వచ్చింది ఆ రోజులలోనే; 1816లో తిరిగివచ్చి కొలతలతో పటాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసులో కొన్నేళ్ళు ఆరుబయట పడి ఉండి, 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. అక్కడ కూడా వాటికి వెంటనే గౌరవం దక్కలేదు. ఫైఫ్ హౌస్ బండ్లశాలలో పడి ఉన్న పలకలను జేమ్స్ ఫెర్గూసన్ గుర్తించి, 1868లో వెలువడిన వృక్ష–సర్పపూజల గ్రంథంలో సాంచీతో పాటు వాటిని లోకానికి పరిచయం చేశాడు.

ఫెర్గూసన్ కన్ను కట్టడాల కన్ను. అమరావతి ప్రాకారపు పనితనాన్ని అతడు మెచ్చుకున్నాడు. అయితే ఆ పలకల మీద చెట్టు కనిపిస్తే వృక్షపూజ అనీ, పడగ కనిపిస్తే సర్పపూజ అనీ చదివాడు. అతని గ్రంథానికి పేరు అక్కడినుంచే వచ్చింది. రూపాన్ని అంత శ్రద్ధగా చూచిన కన్ను ఆ రూపం దేనిని సూచిస్తున్నదో అడగడంలో తొందరపడింది.

ఆ తరువాతి తరంలో కొలబద్ద గ్రీకు శిల్పం. ఆల్ఫ్రెడ్ ఫూషే వంటి పండితులు మానుషరూపంలోని బుద్ధప్రతిమ గాంధారంలో, గ్రీకు సంప్రదాయపు ప్రభావంతో పుట్టిందని వాదించారు. కండరాల ఒంపు, మడతల మడతల వస్త్రం, అలలు తిరిగిన జుట్టు ఉన్న శిల్పమే ఉత్తమమని నిర్ణయించుకున్నవారికి అమరావతి బుద్ధుడు కాస్త బిగుసుకుపోయినట్టుగా కనిపించాడు. ఇరువురినీ పక్కపక్కన నిలిపి చూస్తే భేదం తెలుస్తుంది. గాంధార బుద్ధుని సంఘాటి తరచుగా రెండు భుజాలనూ కప్పుతుంది. మడతలు శరీరం బరువును చూపుతాయి. అమరావతి నిలువు బుద్ధునికి కుడి భుజం నగ్నంగా ఉంటుంది. చీవరం మీద సమాంతరంగా గీసినట్టున్న రేఖలు. ఎడమ చేతి మీదుగా జారి పాదాల దగ్గర దట్టమైన అంచుగా మలుపు తిరిగే మడత. మొదటిది బట్ట కట్టుకున్న దేహాన్ని చూపుతున్నది. రెండవది వినయనియమానుసారం చీవరం ధరించిన భిక్షువును చూపుతున్నది. గౌరవం చూపేవేళ కుడి భుజాన్ని విడిచి చీవరం కప్పుకునే భిక్షువుకు ఆ ఏకాంస పద్ధతి వెంటనే బోధపడుతుంది. గ్రీకు కొలబద్దతో వచ్చినవారికి అది పనితనంలోని లోటుగా తోచింది.

ఈ దృష్టిభేదం 1910లో బహిరంగ వివాదమైంది. లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ సమావేశంలో ఇ.బి. హావెల్ భారతీయ కళను ప్రశంసించగా, అధ్యక్షస్థానంలో ఉన్న జార్జ్ బర్డ్‌వుడ్ జావా బుద్ధప్రతిమ చిత్రాన్ని చూపి, నిర్వికారమైన శాంతికి కొవ్వు వేసి ఉడికించిన పిండిముద్ద కూడా అంతే చక్కని చిహ్నం కాగలదన్న భావంతో మాట్లాడాడు. దానికి నిరసనగా 13 మంది కళాకారులు, విమర్శకులు పత్రికలో లేఖ ప్రకటించారు. ఇండియా సొసైటీ ఆ ఏడే ఏర్పడింది. బర్డ్‌వుడ్ భారతదేశం తెలియనివాడు కాడు. ఇక్కడి చేతివృత్తులను మెచ్చి గ్రంథాలు రాసినవాడు. బుట్ట అల్లికలోని సౌందర్యం అతని కన్నుకు ఆనింది. ధ్యానంలో కూర్చున్న దేహంలోని నిశ్చలత ఆనలేదు. కళ ఉన్నచోట చలనం ఉండాలన్నది అతనికి చెప్పకుండానే ఉన్న ప్రమాణం.

ఆనంద కుమారస్వామి 1927లో బుద్ధప్రతిమ పుట్టుకపై ప్రకటించిన వ్యాసంలో మథుర ప్రతిమలకు యక్షమూర్తుల వంటి దేశీయ మూలాలను చూపి, గాంధారవాదాన్ని ఎదుర్కొన్నాడు. 1934 నాటి గ్రంథంలో ఇంకొక మెట్టు ఎక్కి, భారతీయ శిల్పి ప్రకృతిని అనుకరించడానికి పూనుకోలేదనీ, ధ్యానంలో నిలుపుకున్న మూర్తికి రాతిలో రూపమిచ్చాడనీ వివరించాడు. దీనితో ప్రశ్నే మారింది. ఈ దేహం నిజమైన దేహంలా ఉన్నదా అన్నది పాత ప్రశ్న. ఈ మూర్తి ధ్యానానికి ఆలంబనం కాగలదా అన్నది కొత్త ప్రశ్న. అమరావతి రాయి మారలేదు; దాని ముందు నిలిచి అడిగే ప్రశ్న మారింది.

ఘోషప్రమాణం: కీర్తి పలికే మాట

పేరున్న శిల్పాన్ని పేరు వల్లనే చూడడం ఘోషప్రమాణం. చెన్నై ప్రభుత్వ ప్రదర్శనశాలలోని నాలాగిరి వర్తులం దీనికి మంచి ఉదాహరణ. ఒకే చక్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు ఉంది. ఒకవైపు మదించిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతున్నది. భయపడినవారు ఒకరినొకరు పట్టుకుంటున్నారు. మేడల కిటికీలలోంచి జనం తొంగిచూస్తున్నారు. మరొకవైపు అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లింది. అమరావతి అనగానే పుస్తకాలలో కనిపించే చిత్రాలలో ఇదొకటి. చూడవచ్చినవారిలో చాలామంది పుస్తకంలో చూచినదాన్నే మళ్ళీ చూచి వెళతారు.

ఆ కీర్తిని పక్కనపెట్టి చూచినా వర్తులం ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా తెరుచుకుంటుంది. రూపం చూసేవారికి ఎడమనుంచి కుడికి జారే గుంపు కదలిక, ఇరుకైన చక్రంలో వీధి లోతును చూపిన నేర్పు కనిపిస్తాయి. అలంకారశాస్త్రం చదివినవారికి భయానకం, అద్భుతం, చివరకు శాంతం అనే రసక్రమం కనిపిస్తుంది. భరతుడు లెక్కించిన రసాలు ఎనిమిది. శాంతాన్ని తొమ్మిదవదిగా, రసాలన్నింటికీ మూలంగా అభినవగుప్తుడు స్థాపించింది అమరావతి శిల్పి తరువాత ఎన్నో శతాబ్దాలకు. కాబట్టి శిల్పి ఆ శాస్త్రాన్ని అనుసరించాడనడం కాలక్రమానికి విరుద్ధం. అయితే కావ్యం రంజింపజేయడానికి కాక ఉపశమానికై ఉండాలన్న తలంపు బౌద్ధులలో అంతకుముందే ఉన్నదనడానికి అశ్వఘోషుని సౌందరనందం ముగింపు సాక్ష్యం. ధర్మం ఎరిగిన భిక్షువుకు ఇదే వర్తులం మైత్రీబలానికి నిదర్శనం: ఏనుగును లొంగదీసింది దండం కాదు, మైత్రి. మూడు చూపులూ ఒకే రాతి మీదివి. ఒకదానిని మరొకటి కొట్టివేయవు. ఆకట్టుకునే మొదటి సగం దగ్గరే ఆగిపోయిన చూపుకు మాత్రం రెండవ సగం అందదు.

కీర్తి లేనిచోట ఘోషప్రమాణం చేసే హాని ఇంకా పెద్దది. అనకాపల్లి సమీపంలోని శంకరం వద్ద బౌద్ధ క్షేత్రాన్ని 20వ శతాబ్ది తొలి దశకంలో అలెగ్జాండర్ రీ తవ్వించాడు. బుద్ధుని పేరే జనం నోట బొజ్జన్న అయిందనీ, కొండకు బొజ్జన్నకొండ అనే పేరు అలా వచ్చిందనీ చెబుతారు. ఆ కొండ వద్ద బొజ్జ ఉన్న ఒక శిల్పాన్ని రాక్షసునిగా భావించి, కనుమ పండుగనాడు ఊరివారు రాళ్ళు రువ్వే ఆచారం ఇటీవలి కాలం దాకా సాగింది. వారసత్వ పరిరక్షకులు నచ్చజెప్పగా అది ఆగింది. వినికిడి మాట ఒక శిల్పానికి ప్రదర్శనశాలలో దీపపు వెలుగు తెచ్చింది. మరొకదానికి రాళ్ళదెబ్బలు తెచ్చింది.

రూపం లేని రూపం

ధూళికట్టలో 1970 దశకంలో జరిగిన తవ్వకాలలో స్తూపానికి తాపడం చేసిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. వాటిలో పడగ విప్పిన ముచిలింద నాగుని పలక ప్రసిద్ధం. అక్కడ బుద్ధుని మానుషరూపం కనిపించదు. అమరావతి తొలిదశలోనూ అంతే: బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, పాదముద్రలు, చక్రం. స్త్రీలు వంగి పాదముద్రలకు మొక్కుతున్న శిల్పంలో మొక్కేవారి దేహాలు ఎంతో సజీవంగా ఉంటాయి. మొక్కు అందుకునేవాని దేహం మాత్రం లేదు.

ఈ లేమిని ఎలా అర్థం చేసుకోవాలి? బుద్ధుని మనిషిగా చూపరాదనే నియమం ఉండేదని ఫూషే నాటినుంచి ఒక అభిప్రాయం. సూసన్ హంటింగ్టన్ 1990లో దీనిని ప్రశ్నించి, అటువంటి పలకలలో అనేకం బుద్ధుని జీవితఘట్టాలు కావనీ, తరువాతి కాలపు భక్తులు ఆ పుణ్యస్థలాలలో చేసిన పూజలను చూపుతాయనీ ప్రతిపాదించారు. విద్యా దెహేజియా 1991లో బదులిస్తూ, ఒకే చిహ్నం ఒకచోట బుద్ధుని, మరొకచోట పుణ్యస్థలాన్ని, ఇంకొకచోట ధర్మగుణాన్ని సూచించవచ్చుననీ, అర్థాన్ని ఒకటికి కుదించరాదనీ అన్నారు.

ఈ చర్చకు మద్దేడ్ పరిసరాలలోని ప్రజల ఆచారాలు ఒక వెలుగు ఇస్తాయి. బస్తర్‌లో గ్రామాలు కొలిచే ఆంగా దేవుడు మానవాకృతిలో ఉండడు. దుంగలను కట్టి కూర్చిన చట్రమే దేవుడు. దానిని భుజాలమీద మోసేవారి అడుగులలో దేవుని ఇచ్ఛ తెలుస్తుందని నమ్మకం. గోదావరికి ఇవతల ములుగు జిల్లా మేడారంలో సమ్మక్కకు ప్రతిమ లేదు. చిలకలగుట్ట నుంచి తెచ్చే కుంకుమభరిణె, గద్దె మీద నిలిపే వెదురు, ఇవే తల్లి రాకకు గుర్తులు. ఆ జాతరకు ఛత్తీస్‌గఢ్ వైపునుంచి కూడా భక్తులు తరలివెళతారు. కోయల వేల్పుల పడిగెలు కూడా వంశచరిత్రను గుడ్డ మీది చిహ్నాలతో చెప్పేవే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఖాళీ ఆసనానికీ మేడారం గద్దెకూ పోలిక ఉన్నదని ఒకటి మరొకదాని నుంచి పుట్టిందనరాదు. నడుమ రెండువేల ఏళ్ళు ఉన్నాయి, సిద్ధాంతాలు వేరు, సమ్మక్కను భక్తులు పిలిచేది వరాల కోసం, ధూళికట్ట ఉపాసకులు పలకను దానమిచ్చింది పుణ్యం కోసం. పోలిక నేర్పేది ఒక్కటే: రూపం లేకపోవడం శిల్పి అశక్తత కాదు, పూర్తికాని దశ కూడా కాదు. సన్నిధిని ఆకారం లేకుండా అనుభవించగల సమాజాలు ఉన్నాయి. మద్దేడ్ సంతకు వచ్చే మనిషికి ఈ విషయం ఎవరూ నేర్పనక్కరలేదు. మానుషరూపం రావడాన్నే పురోగతిగా భావించిన చరిత్రకారులు నేర్చుకోవలసి వచ్చింది.

బ్రిటిష్ మ్యూజియంలోని ఒక అమరావతి పలక ఈ కథకు మరో మలుపు. దానికి ఒకవైపు సామాన్యశకానికి పూర్వపు పని: బోధివృక్షం, ఖాళీ ఆసనం, పూజించేవారు. రెండు, మూడు శతాబ్దాల తరువాత అదే పలకను తిప్పి, వెనుకవైపు అలంకారశోభితమైన స్తూపాన్ని చెక్కారు. కొత్త స్తూపం వెలుగులోకి వచ్చినప్పుడు పాత బోధివృక్షం కంటికి కనబడకుండా గోడవైపు తిరిగిపోయింది. నాటి సంఘానికి పాత శిల్పం దాచుకోవలసిన కళాఖండం కాదు. చైత్యం బతికి ఉండడం ముఖ్యం. నేడు ప్రదర్శనశాల రెండు వైపులనూ చూపుతున్నది. ఏకకాలంలో రెంటినీ చూడగలగడం పరిశోధకునికి లాభం. ప్రదక్షిణంగా నడుస్తూ, కుడిభుజం వైపు ఒక్కొక్క పలక ఎదురవుతూ ఉంటే కలిగే అనుభవం మాత్రం ఆ గదిలో లేదు.

రూక్షప్రమాణం: భోంగాపాల్ ముసలి తాత

ఇక భోంగాపాల్. పురావస్తు శాఖ పరిశోధనలో అక్కడి దిబ్బ ఇటుకల చైత్యగృహమని తేలింది. కూర్చున్న బుద్ధుని పెద్ద రాతిప్రతిమ అక్కడ ఉంది. దానిని 5–6 శతాబ్దాలకు చెందినదిగా పురావస్తువేత్తలు భావిస్తున్నారు. సమీపంలో సప్తమాతృకల శిల్పమూ, శివాలయాల శిథిలాలూ ఉన్నాయి. సముద్రగుప్తుని ప్రయాగ ప్రశస్తిలో చెప్పిన మహాకాంతారాన్ని పలువురు చరిత్రకారులు ఈ అటవీప్రాంతంతో గుర్తించారు. తరువాత ఇక్కడ నలవంశీయులు ఏలారు. 7వ శతాబ్దిలో షువాన్‌జాంగ్ దక్షిణ కోసలం చూచుకొని, అడవి మార్గాన దక్షిణంగా ఆంధ్రదేశానికి వచ్చాడు. కోసలంలోని సిర్పూర్‌లో, మహాశివగుప్త బాలార్జునుని కాలంలో ఆనందప్రభుడనే భిక్షువు కట్టించిన విహారం 1950 దశకంలో ఎం.జి. దీక్షిత్ జరిపిన తవ్వకాలలో వెలుగుచూసింది. సిర్పూర్‌కూ ఆంధ్రదేశానికీ నడుమ భోంగాపాల్ ఉండడం గమనార్హం.

సిర్పూర్ భూమిస్పర్శ బుద్ధుని చూచిన కన్నుతోనే భోంగాపాల్ బుద్ధుని చూస్తే పండితుని నోట వచ్చే మాట ప్రాంతీయం, మోటు, శిథిలం. ముఖం అరిగింది, అంచులు కరిగాయి, అలంకారం లేదు. అమరావతి చీవరరేఖల నాజూకు ఇక్కడ వెదకరాదు. రూపప్రమాణం ఇంతకంటె ముందుకు సాగదు.

ఊరివారి చూపు ఇక్కడే మొదలవుతుంది. హల్బీ, ఛత్తీస్‌గఢీ మాటలలో డోకరా అంటే ముసలివాడు. అరిగిన ముఖాన్ని వారు శిథిలమని అనలేదు, వయసు అన్నారు. కదలక కూర్చున్న దేహాన్ని జీవం లేనిదని అనలేదు, ఇంటి పెద్ద కూర్చున్న తీరు అన్నారు. బర్డ్‌వుడ్‌కు పిండిముద్దలా తోచిన ఆ నిశ్చలత్వమే బస్తర్ రైతుకు పెద్దరికమైంది. తాత అన్న పిలుపులో భయం లేదు, చనువు ఉంది. చనువుతో పాటు మర్యాద ఉంది. బొజ్జన్నకొండ వద్ద రాళ్ళు తిన్న శిల్పంతో పోల్చి చూస్తే, పేరు మాత్రమే ఒక ప్రతిమను ఎంతగా కాపాడగలదో అర్థమౌతుంది.

అంగుత్తర నికాయం చెప్పిన లూఖప్రమాణం ఇదేనా? పూర్తిగా ఇదే అనడం సాహసం. సూత్రంలోని మనిషి భిక్షువు ఎంచుకున్న నిరాడంబరతను చూచి ప్రసన్నుడౌతాడు. భోంగాపాల్ రాయి ఆ రూక్షతను ఎంచుకోలేదు, గాలీవానా ఇచ్చాయి. అయినా చూసేవారి మనసులో జరిగే పని దగ్గరిదే. నగిషీ లేనిచోట నమ్మకం కలగడం, కొత్తదనం కంటె ఓర్పును గౌరవించడం, అరిగినదానిలో తక్కువతనం కాక సమీపతను చూడడం. వెరియర్ ఎల్విన్ 1951లో మధ్యభారత ఆదివాసీ కళపై గ్రంథం వెలువరించే నాటికి, ఈ సీమ ప్రజల సౌందర్యదృష్టి స్వతంత్రమైనదని చెప్పవలసిన అవసరం ఉండేది. ఇప్పటికీ ఆ అవసరం తీరిపోలేదు.

ధర్మప్రమాణం: సంవేగం, ప్రసాదం

పాలి సంప్రదాయంలో కళానుభవానికి దగ్గరగా ఉన్న మాటలు రెండు: సంవేగం, ప్రసాదం. మహాపరినిబ్బాన సూత్రంలో బుద్ధుడు జన్మించిన, బోధి పొందిన, ధర్మచక్రం తిప్పిన, పరినిర్వాణం చెందిన చోట్లు నాలుగూ దర్శనీయాలుగా, సంవేగం కలిగించేవిగా చెప్పబడ్డాయి. మహావంశం ప్రతి అధ్యాయం చివరా సుజనుల ప్రసాదసంవేగాల కోసం రచింపబడినదని చెప్పుకుంటుంది. సంవేగం అంటే అనిత్యత ఒక్కసారిగా తెలిసివచ్చినప్పుడు కలిగే కుదుపు. ప్రసాదం అంటే ఆ కుదుపు తరువాత మనసు తేరుకొని నిర్మలమై నిలవడం. కుమారస్వామి 1943లో సంవేగాన్ని గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం రాసి, సౌందర్యం వల్ల కలిగే కుదుపు మేధను మేల్కొలిపేదేగాని ఒట్టి ఇంద్రియసుఖం కాదని వివరించాడు.

ఈ ప్రమాణంతో చూస్తే అమరావతికీ భోంగాపాల్‌కూ మధ్య తక్కువ ఎక్కువలు చెదిరిపోతాయి. అమరావతిలో ఖాళీ ఆసనం ముందు నిలిచినవారికి లేనివాని సన్నిధి సంవేగం కలిగిస్తుంది; నాలాగిరి మోకరిల్లిన చోట ప్రసాదం. భోంగాపాల్‌లో అరిగిన ముఖమే అనిత్యతా పాఠం. సంవేగం కలిగించడానికి అక్కడ శిల్పి నేర్పుతో పాటు పదిహేను శతాబ్దాల వానలు కూడా పనిచేశాయి. ఆ ముఖాన్నే తాతా అని పిలిచి పూవు పెట్టి వెళ్ళే మనిషిలో ప్రసాదం లేదని ఏ శాస్త్రం చెప్పగలదు?

అయితే ధర్మప్రమాణానికి ఒక బాధ్యత కూడా ఉంది. డోకరా బాబాను మొక్కే మనిషికి అది బుద్ధుడని తెలియజెప్పడం తప్పు కాదు. చరిత్ర అతనిది కూడా. కాని బుద్ధుడని చెప్పినంత మాత్రాన ముసలి తాతను ఆ రాతినుంచి వెళ్ళగొట్టడం తగదు. అమరావతిలో దీపాలదిన్నె పేరు పోయి మహాచైత్యం పేరు నిలవడం విజ్ఞానానికి లాభమే. దీపాలదిన్నె అన్న మాటలో జనం దాచుకున్న జ్ఞాపకం ఏమిటో వెదకకుండానే ఆ పేరు మరుగైపోవడం మాత్రం నష్టం. అదే నష్టం భోంగాపాల్‌లో జరగకుండా చూచుకునే అవకాశం ఇంకా మిగిలి ఉంది.

నమోదులో ఉండవలసినవి

శిల్పాన్ని నమోదు చేసే పత్రాలలో సాధారణంగా రాయి, కొలతలు, కాలం, శైలి, స్థితి అనే గడులు ఉంటాయి. ఇవన్నీ రూపప్రమాణానికి చెందినవి. అవి తప్పక ఉండవలసినవి. వాటికి తోడు మరి మూడు గడులు ఉంటే భోంగాపాల్ వంటి చోట్ల నమోదు నిండుగా ఉంటుంది. ఒకటి, ఊరివారు ఆ ప్రతిమను ఏ పేరుతో, ఏ భాషలో పిలుస్తారు, ఏ రోజున ఏం సమర్పిస్తారు. రెండు, ఆ ప్రతిమను గురించి ఇంతకుముందు ఎవరు ఏ ప్రమాణంతో ఏమి రాశారు. మోటు, ప్రాంతీయం వంటి మాటలు ఏ కొలబద్దనుంచి వచ్చాయి. మూడు, భిక్షుసంఘం దృష్టిలో ఆ మూర్తి, ఆ చిహ్నం ఏ బోధను నిలుపుతుంది. మొదటి గడిని నింపడానికి గోండి, హల్బీ, దోర్లీ, తెలుగు వచ్చినవారు కావాలి. మద్దేడ్ వంటి ఊళ్ళలో ఈ భాషలు కలిసి బతుకుతున్నాయి. ఆ పని చేయగలవారు అక్కడివారే.

ప్రతిమను కదపాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈ గడులు తీర్పు చెప్పవు, కాని తీర్పుకు కావలసిన సాక్ష్యాన్ని ఇస్తాయి. అమరావతి పలకలను 1859లో ఓడ ఎక్కించినప్పుడు రూపం ఒక్కటే లెక్కకు వచ్చింది. రూపం దక్కింది, దిక్కు, వరుస, ప్రదక్షిణ, ఊరు పోయాయి. ఆ పలకలలో ఏది దేని పక్కన ఉండేదో కూర్చడానికి పండితులు నూటయాభై ఏళ్ళుగా శ్రమిస్తూనే ఉన్నారు.

నాలుగు ప్రమాణాలలో ఏ ఒక్కటీ తక్కిన మూడింటిని రద్దు చేయదు. రూపం చూడనివానికి అమరావతి శిల్పి చేతినైపుణ్యం తెలియదు. ఘోషాన్ని లక్ష్యపెట్టనివానికి ఒక శిల్పానికి కీర్తి, మరొకదానికి మరుపు ఎలా వచ్చాయో తెలియదు. రూక్షం ఎరుగనివానికి డోకరా బాబా కేవలం అరిగిన రాయి. ధర్మం ఎరుగనివానికి ఈ మూడూ ఎందుకో తెలియదు. లోపలినీ వెలుపలినీ కలిపి చూడమన్న ఆ పాత సూత్రం శిల్పం ముందు నిలబడే పరిశోధకునికీ, భిక్షువుకూ సమానంగా వర్తిస్తుంది. భోంగాపాల్ దిబ్బ మీద కూర్చున్న ముసలి తాత మాత్రం ఎవరు ఏ ప్రమాణంతో వచ్చినా అందరినీ ఒకే తీరుగా చూస్తూ ఉన్నాడు.